బరువు మోయునది గాలి

మదనపల్లె మార్కెట్టులో టమాట పెట్టెలను నింపుకొని, పలమనేరు దాటి, మొగిలి ఘాటు దిగి, తెల్లవారులోపల చెన్నైకి చేరవలెనని పరుగెత్తు పికప్పు బండిని చూచువారికి ఆ బరువంతయు ఇనుప చట్రము మీదను, వెనుకనున్న కమానుకట్టల మీదను నిలిచియున్నట్లు తోచుట సహజము. కాని చట్రము కమానుకట్టలకును, కమానుకట్టలు ఇరుసునకును, ఇరుసు చక్రములకును అప్పగించిన ఆ భారమును తుదకు నేలమీద మోయునది టైరులో బంధింపబడిన గాలియే; రబ్బరును, దారపు పొరలును, ఉక్కుతీగలును ఆ గాలిని చెదరనీయక పట్టియుంచుటకు ఏర్పడినవి. 1888లో పశువైద్యుడైన జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలిచక్రమునకు పేటెంటు పొందిన నాటినుండి నేటివరకు టైరు రూపము ఎంత మారినను ఈ మూలసూత్రము మారలేదు. అట్టిచో టైర్లకు వేలకు వేలు వెచ్చించి, వాటిలోని గాలిని మాత్రము పంక్చరు షాపు కుర్రవాని అంచనాకు విడిచిపెట్టుట మిక్కిలి విచారింపదగిన విషయము.

మనవారు పాయింట్లని వాడుక చేయునది చదరపు అంగుళమునకు ఇన్ని పౌండ్ల ఒత్తిడియని చెప్పు కొలత. ఏ బండికి ఎన్ని పాయింట్లు పెట్టవలెనో డ్రైవరు తలుపు తెరచినచో కనబడు స్టిక్కరు మీదనో, బండితో వచ్చిన పుస్తకములోనో ముద్రింపబడి యుండును. ముందు చక్రములకొకటియు వెనుక చక్రములకొకటియు, ఖాళీ బండికొకటియు నిండు బండికొకటియు అంకెలు వేరువేరుగా నుండుట చూచి విసుగు చెందరాదు. టైరు పక్కగోడమీద అచ్చుపోసిన అంకె వేరు. అది ఆ టైరు మోయగల పరమావధి బరువును, దానికి వలయు గాలిని తెలుపునదే గాని మీ బండికి పెట్టవలసిన గాలిని తెలుపునది కాదు. ఒకే టైరును పలు తరహాల బండ్లకు అమర్చుదురు గనుక, దానిని చేసినవారికి మీ బండి బరువు తెలియు అవకాశమే లేదు.

కారులో అయిదుగురు ఎక్కినను దిగినను వెనుక ఇరుసుమీది భారము కొంతయే మారును. పికప్పున టన్నున్నర సరుకు దింపగానే అది సగమునకు దిగువకు పడిపోవును. నిండుబరువునకు పెట్టిన గాలితో ఖాళీగా తిరిగివచ్చు బండి గుంతగుంతకు ఎగిరిపడును. టైరు నడిమిభాగము మాత్రమే నేలనంటి అరుగును. వానలో బ్రేకు నొక్కినపుడు వెనుకభాగము పక్కకు జారు ప్రమాదము హెచ్చును. అట్లని పోవునపుడు గాలి నింపి, వచ్చునపుడు దించుట నిత్యము సరుకు మోయువానికి సాధ్యమగు పనియా? అనుదినము లోడెక్కు బండికి వెనుక చక్రములలో నిండుబరువు గాలినే ఉంచి, ఖాళీగా వచ్చునపుడు వేగము తగ్గించుట మేలని నా అభిప్రాయము. ఎరువుబస్తాలకై ఎప్పుడో ఒకసారి లోడు మోసి, తక్కిన దినములలో ఇంటిబండిగా తిరుగుదానికి ఖాళీ అంకెను పాటించి, బస్తాలెత్తుటకు ముందు గాలి పట్టించుట యుక్తము. ఏలయన, గాలి హెచ్చగుటవలని నష్టము కంటె తక్కువగుటవలని నష్టము ఘోరమైనది.

గాలి చాలని టైరు నేలను తాకిన ప్రతిసారి దాని పక్కగోడ వంగి, పైకి లేచినపుడు మరల నిగుడును. 15 అంగుళముల రిమ్ముగల పికప్పు చక్రము కిలోమీటరునకు 450 సార్లకు పైగా తిరుగును. ఇనుపతీగను అటునిటు పలుమారు వంచినచో వంచినచోట కాగునట్లు ఆ పక్కగోడయు కాగును. వేడి పెరిగినకొలది రబ్బరునకును లోని పొరలకును గల బంధము సడలి, పైపట్టీ ఊడిపోవుటయో, టైరు పేలిపోవుటయో సంభవించును. వేసవిలో టైర్లు పగులుట చూచి, లోని గాలి వ్యాకోచించుటవలననే పగులుచున్నవని తలచి, ఎండలు ముదరగానే నాలుగైదు పాయింట్లు తగ్గించి పెట్టించు అలవాటు మనవారిలో బలముగా నాటుకొనియున్నది. ఇది అపోహ; ప్రాణముల మీదికి తెచ్చు అపోహ. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగినచో 50 పాయింట్ల గాలి రమారమి 2 పాయింట్లు పెరుగును; ఆపాటి పెరుగుదలను తట్టుకొనునట్లే టైరు నిర్మింపబడినది. తగ్గించి పెట్టిన గాలి యైతే పక్కగోడ వంపును హెచ్చించి, కాగిన రోడ్డు వేడికి లోపలి వేడిని తోడుచేయును. గాలిని చల్లబడిన టైరునందే, అనగా బండి మూడు గంటలైన కదలక నిలిచిన పిమ్మటనే, కొలువవలెను. దూరము పరుగెత్తి వచ్చిన టైరున గేజి నాలుగైదు పాయింట్లు హెచ్చు చూపుట సహజము. అది చూచి గాలి తీసివేయువాడు మరునాటి ఉదయమున తక్కువ గాలితో బయలుదేరుచున్నాడు.

అమెరికా దేశమున 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ, ఫోర్డువారి ఎక్స్‌ప్లోరర్ బండ్లకును కొన్ని పికప్పులకును అమర్చిన టైర్లను రమారమి 65 లక్షలు వెనుకకు తీసికొనవలసి వచ్చినది. పైపట్టీ ఊడి బండ్లు తలక్రిందులైన ప్రమాదములలో రెండువందలమందికి పైగా మరణించిరి. టైరు నిర్మాణ దోషమునకు తోడు దక్షిణ రాష్ట్రముల ఎండయు, ఫోర్డువారు సూచించిన 26 పాయింట్ల తక్కువ గాలియు నాటి వివాదమున ప్రధానముగా చర్చింపబడినవి. ఆ యేడే చేసిన చట్టము ఫలితముగా, 2007 నాటికి అక్కడి కొత్త తేలికబండ్లన్నిటిలో గాలి తగ్గినపుడు హెచ్చరించు దీపము తప్పనిసరియైనది.

టైరు ఎన్నుకొనుటకును బరువే ప్రమాణము. 195 ఆర్ 15 సి, 106/104 అను వ్రాతలో 195 మిల్లీమీటర్లలో వెడల్పు, ఆర్ రేడియల్ నిర్మాణము, 15 రిమ్ము అంగుళములు, సి సరుకుబండి టైరని గుర్తు. 106 అనగా ఒంటిచక్రముగా నున్నపుడు టైరొక్కటికి 950 కిలోలు. 104 అనగా జంటచక్రములలో ఒక్కొక్కదానికి 900 కిలోలు. వెనుకనున్న రెండు చక్రములును కలిసి 1900 కిలోలు మోయుననగా అందులో బండి సొంత బరువు భాగమును చేరియున్నది. ఆ హద్దు దాటి ఎక్కించిన సరుకునకు ఎంత గాలి నింపినను పరిహారము లేదు. చౌకగా వచ్చుచున్నదని అదే కొలతగల కారు టైరును బిగించుట ఎన్నటికిని తగదు. కొలత ఒకటైనను మోయు శక్తి వేరు.

తారురోడ్డుమీద దూరప్రయాణములు చేయు బండికి తక్కువ వేడెక్కు రేడియల్ శ్రేష్ఠము. క్వారీలలో, రాళ్లదారులలో తిరుగుదానికి నైలాన్ టైరు ఎక్కువ ఓర్చును. ఒకే ఇరుసునకు రెంటిని కలిపి వేయరాదు. రీబటన్ టైర్లను ముందు చక్రములకు దూరముగా నుంచవలెను. కొత్త టైరు కొట్టులో ఎన్నాళ్లు పడియున్నదో పక్కగోడమీది నాలుగంకెలు చెప్పును: 2324 అనగా 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనది. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరుతో పికప్పును నడుపుట మన మోటారు వాహనముల నిబంధనలకు విరుద్ధము.

బండి యజమానులకు నా విన్నపమొకటి. మంచి గేజి నొకదానిని కొని బండిలోనే ఉంచుడు; వారమునకొకసారి ఉదయము, లోడు కట్టకముందే, నాలుగు చక్రములతోపాటు స్టెప్నీని కూడ కొలిపించుడు. టైరులో గాలి తగ్గినదని డ్రైవరు చెప్పినపుడు, సరుకు ఆలస్యమగునని అతనిని తొందరపెట్టకుడు.