మే నెలకు తగ్గ క్యాబినెట్

హనుమకొండలో కంప్యూటర్లు బిగించడం, బాగుచేయడం నా పని. పత్తి సీజను మొదలైందంటే నా బల్ల మీదికి వచ్చే సీపీయూల్లో ఎక్కువ భాగం ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కలవే. అడ్తి దుకాణాలవి, జిన్నింగ్ మిల్లు ఆఫీసులవి, వేబ్రిడ్జి గదులవి. తెచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "అన్నా, పది నిమిషాలు మంచిగనే నడుస్తది, తర్వాత దానంతటదే బంద్ అయితది." పక్క రేకు ఊడదీస్తే ప్రాసెసర్ మీది హీట్‌సింక్ కనిపించదు. దాని అల్యూమినియం పలకల సందుల్లో పత్తి నుసి చిక్కుకుని, దాని మీద మట్టి పట్టి, కొత్తవాడ జంపఖానా ముక్క కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. గాలి పోయే దారే ఉండదు.

అందుకే ఎవరైనా కొత్త రకం క్యాబినెట్ బొమ్మ తెచ్చి చూపిస్తే నేను అడిగేది ఒకటే: ఇది ఎనుమాములలో ఎన్నాళ్లు నడుస్తుంది? ప్రపంచంలో ఈ డబ్బాల మీద జరిగిన వింత ప్రయోగాలంటే నాకు మహా ఇష్టం. కానీ వాటిని గీసినవాళ్లంతా 24 డిగ్రీల ఏసీ గదిలో కూర్చుని గీశారని చూడగానే తెలిసిపోతుంది.

కంప్యూటర్ లెక్కలు చేస్తుంది, బొమ్మలు చూపిస్తుంది గానీ, అది తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. ఆటల కోసం పిల్లలు కొనే మెషీన్ 400 వాట్లు తీసుకుంటే 400 వాట్ల వేడి పుడుతుంది. లోపలి గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు దాదాపు 35 లీటర్ల గాలి ఆ డబ్బాలోంచి సాగిపోవాలి. అదే వేడిని నీళ్లతో తీసేయడానికి సెకనుకు 10 మిల్లీలీటర్లు, అంటే రెండు చెంచాలు చాలు. పైపులు, పంపు, రేడియేటర్ ఉన్న వాటర్ కూలింగ్ మీద కుర్రాళ్లకు మోజు ఊరికే పుట్టలేదు.

కాకపోతే ఆ రేడియేటర్ కూడా వేడిని వదిలేది గదిలో గాలిలోకే. చిప్ వేడి ఎప్పుడూ గది వేడికి పైమాటే. 24 డిగ్రీల గదిలో 70 చూపించే ప్రాసెసర్, మే నెలలో 44 డిగ్రీలున్న షట్టర్ గదిలో అదే పనికి 90 చూపిస్తుంది. 95 నుంచి 100 మధ్యకు వచ్చాక చిప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే ఆగిపోతుంది. గాలి వాడినా నీళ్లు వాడినా మన లెక్క 44 దగ్గరే మొదలవుతుంది.

ఫ్యాన్ అంటే అందరికంటే ఎక్కువ పడనిది ఆపిల్ కంపెనీకి. 1980లో వచ్చిన ఆపిల్ 3లో చప్పుడు వద్దని ఫ్యానే పెట్టలేదు. వేడికి చిప్‌లు సాకెట్లలోంచి లేచేవి. మెషీన్‌ను రెండు మూడు అంగుళాలు పైకెత్తి బల్ల మీద వదిలితే మళ్లీ కూర్చుంటాయని కంపెనీవాళ్లే సలహా ఇచ్చారు. రిమోట్‌ను అరచేతికేసి కొట్టే మన వైద్యం ఒక్క మనకే సొంతం కాదన్నమాట. 2000లో అదే కంపెనీ జీ4 క్యూబ్ తెచ్చింది. ఎనిమిది అంగుళాల పెట్టె, పారదర్శకమైన తొడుగులో గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. అడుగు నుంచి చల్లగాలి ఎక్కి, పైనున్న జాలీలోంచి వేడిగాలి పోవాలని ఏర్పాటు. చూడముచ్చటైన వస్తువే, మ్యూజియంలో కూడా చోటు దొరికింది, కానీ ఏడాదికే తయారీ ఆపేశారు. 2013లో నల్లటి స్తూపంలా మ్యాక్ ప్రో వచ్చింది. ముక్కోణపు అల్యూమినియం దూలం చుట్టూ బోర్డులు, అన్నింటికీ కలిపి పైన ఒకటే ఫ్యాన్. గ్రాఫిక్స్ కార్డుల వేడి పెరిగేసరికి ఆ ఆకారంలో వాటికి చోటు చేయలేకపోయామని 2017లో వాళ్లే ఒప్పుకున్నారు.

వేడిగాలి పైకి పోతుంది కాబట్టి డబ్బాను నిలువు గొట్టంలా చేయాలనే ఆలోచన చాలామందికి వచ్చింది. సిల్వర్‌స్టోన్ కంపెనీ రావెన్ క్యాబినెట్లలో మదర్‌బోర్డును 90 డిగ్రీలు తిప్పి, అడుగున పెద్ద ఫ్యాన్లు పెట్టి, గాలిని నిలువునా పైకి తోసింది. బాగా చల్లబరిచే డబ్బాలుగా వాటికి పేరుంది. అయితే మూరెడు ఎత్తులో వేడిగాలికి తనంతట తాను ఎక్కే బలం చాలా తక్కువ. అక్కడ పని చేసేది ఆ ఫ్యాన్లూ, గాలికి అడ్డంలేని దారీ. పైగా అడుగున ఫ్యాన్లున్న పెట్టెను మా జిన్నింగ్ మిల్లు నేల మీద పెడితే ఇక ఆ గదికి చీపురు అక్కర్లేదు. ఇంటెల్ కూడా 2004లో బీటీఎక్స్ అనే కొలత తెచ్చి, ముందు నుంచి వెనక్కి గాలి తిన్నగా పోయేలా బోర్డు అమరికనే మార్చబోయింది. తర్వాతి ప్రాసెసర్లు తక్కువ కరెంటుతో నడిచేసరికి అవసరం తీరి, 2006లో వదిలేసింది. 1995 నాటి ఏటీఎక్స్ కొలతే ఇవాళ్టికీ నడుస్తోంది.

నూనెలో ముంచిన కంప్యూటర్ గురించి చెబితే వినేవాళ్లు నన్ను అనుమానంగా చూస్తారు. వీధి చివర స్తంభాల మీదున్న ట్రాన్స్‌ఫార్మర్ చూపిస్తాను. అందులో ఉన్నది నూనే. తీగచుట్టల వేడిని నూనె తీసుకుని, పక్కనున్న రేకుల్లోకి వెళ్లి, గాలికి ఇచ్చి, మళ్లీ కిందికి దిగుతుంది. నూనె గుండా కరెంటు పారదు, అందుకే షార్ట్ కాదు. సేమౌర్ క్రే 1985లో తెచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్‌లో బోర్డులన్నీ ఫ్లోరినర్ట్ అనే రంగులేని ద్రవంలో మునిగి ఉండేవి. అమెరికాలో ప్యూజెట్ సిస్టమ్స్ వాళ్లు చేపల తొట్టిలో మినరల్ ఆయిల్ పోసి అందులో మామూలు డెస్క్‌టాప్ నడిపించారు. బుడగలు, రంగు దీపాలు, చూడటానికి సరదాగానే ఉంటుంది. బాగుచేసేవాడి బాధ వేరు. ర్యామ్ ఒక్కటి మార్చాలన్నా మోచేతి దాకా జిడ్డే. నూనె కేబుళ్ల వెంట పాకుతూ బల్ల మీదికి వస్తుంది. తిరిగే హార్డ్ డిస్క్‌ను అందులో వేయలేం. అయినా దుమ్ము సంగతి తీసుకుంటే నూనె తొట్టికి సాటిలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ద్రవ నత్రజని పోసి మైనస్ 196 డిగ్రీలతో రికార్డులు కొట్టేవాళ్లున్నారు. అది పోటీ, వాడకం కాదు. పెల్టియర్ పలక అని ఒకటుంది, కరెంటిస్తే ఒక వైపు చల్లబడి ఇంకో వైపు వేడెక్కుతుంది. అది తాగే కరెంటు వేడి అదనం. వానాకాలం గాలిలో చల్లటి వైపు చెమ్మ పట్టి బోర్డు మీద నీళ్లు కారతాయి. మన ఊళ్లో ఆ జోలికి పోకపోవడమే మేలు.

కాజీపేట నుంచి ఇంజనీరింగ్ చదివే పిల్లలు వస్తుంటారు. వాళ్లలో ఒకతను అడిగాడు: "అన్నా, వేయిస్తంభాల గుడి లోపల ఎండాకాలం కూడా సల్లగుంటది కదా, క్యాబినెట్‌ను నల్లరాయితోని చేస్తే?" ప్రశ్న మంచిదే. ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. 20 కిలోల రాయి ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 16,000 జౌళ్లు కావాలి. 300 వాట్ల మెషీన్ సెకనుకు 300 జౌళ్లు ఇస్తుంది. అంటే నిమిషం తిరగకముందే ఒక డిగ్రీ పెరుగుతుంది, బయటికేమీ పోకపోతే గంటలో 60 దాటుతుంది. గుడి రాయి టన్నుల్లో ఉంది, రాత్రంతా చల్లారుతుంది, లోపల హీటర్ లేదు. రాయి వేడిని దాచుకుంటుందే తప్ప వదిలించుకోదు. రామప్ప గుడి శిఖరానికి వాడిన, నీళ్లలో తేలే ఇటుకలైతే మరీ అన్యాయం, వాటి నిండా గాలి గదులే కాబట్టి వేడిని అసలు కదలనివ్వవు. పెంబర్తి ఇత్తడి రేకు సంగతీ అడిగాడు. ఇత్తడి వేడిని బాగానే మోస్తుంది, కానీ చిప్‌కూ ఆ రేకుకూ మధ్య రాగి హీట్‌పైపులు కలపకపోతే అది అలంకారమే.

గది వేడికంటే కిందికి దిగే చవకైన మార్గం ఒక్కటే ఉంది, నీళ్లు ఆవిరి కావడం. లీటరు నీళ్లు ఆవిరైపోతే దాదాపు 24 లక్షల జౌళ్ల వేడి దానితో పోతుంది. 300 వాట్ల మెషీన్‌కు అది రెండు గంటల పైచిలుకు సరిపోతుంది. మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉంటే ఆవిరయ్యే నీళ్లు 25 డిగ్రీల దాకా చల్లబడగలవు. జులైలో 32 డిగ్రీలు, తేమ 75 శాతం అంటే 28 దగ్గరే ఆగిపోతుంది. మనకు వేడి బాధ మేలోనే కాబట్టి ఈ లెక్క మనవైపే ఉంది. విదేశాల్లో కొందరు ఔత్సాహికులు నిలువు గొట్టంలో నీళ్లను వానలా రాల్చి, ఎదురుగా గాలి ఊది, కంప్యూటర్ నీళ్లను ఇలాగే చల్లబరిచారు. మట్టికుండ తనంతట తాను చెమర్చితే సరిపోదు. రోజుకు లీటరు ఆవిరైందనుకున్నా సగటున 28 వాట్లే. బిల్లులు కొట్టే చిన్న మినీ పీసీకి ఫరవాలేదు, ఆటల మెషీన్‌కు చాలదు.

అలాగని గదిలో కూలర్ పెట్టి దాని ముందు సీపీయూ పెడితే పని కాదు. ఆ గాలిలో తేమ ఉంటుంది. పత్తి నుసికి తేమ తోడైతే హీట్‌సింక్‌లో ముద్ద కట్టి ఎండుతుంది, బ్లోయర్ కొట్టినా రాలదు, బ్రష్‌తో గీకాల్సిందే. నీళ్ల చల్లదనం లోపలికి రావాలి, తేమ రాకూడదు. మైక్రోసాఫ్ట్ 2018లో స్కాట్లాండ్ ఆర్క్నీ దీవుల దగ్గర 864 సర్వర్లను ఉక్కు గొట్టంలో మూసి సముద్రం అడుగున పెట్టింది. 2020లో పైకి తీసి చూస్తే, నేల మీద ఉన్నవాటితో పోల్చితే చెడిపోయినవి ఎనిమిదో వంతే. చల్లటి నీళ్ల సంగతి అలా ఉంచితే, లోపల పొడి నత్రజని నింపడం, మనుషుల చేతులు తగలకపోవడం కారణాలు కావచ్చని వాళ్లు అనుకున్నారు. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. నా బల్ల మీదికి వచ్చేవాటిలో వేడి జబ్బుగా కనిపించేది చాలాసార్లు దుమ్ము జబ్బే.

మన దేశాన్ని దృష్టిలో పెట్టుకుని గీసిన డబ్బా అసలు లేకపోలేదు. 2006లో ఇంటెల్ పల్లెల్లోని ఇంటర్నెట్ కేంద్రాల కోసం కమ్యూనిటీ పీసీ అని తెచ్చింది. 45 డిగ్రీల్లో నడవాలి, దుమ్ము ఆపే ఫిల్టర్ ఉండాలి, కరెంటు పోతే కారు బ్యాటరీతో నడవాలి, ఇవీ దాని షరతులు. అందం లేదు, అద్దం లేదు. నాకు మాత్రం ఆపిల్ క్యూబ్ కన్నా అదే గొప్ప డిజైన్ అనిపిస్తుంది. ఇప్పుడు అమ్ముడుపోయేవి ముందూ పక్కా అద్దాలు బిగించిన గేమింగ్ క్యాబినెట్లు. ముందు అద్దం ఉన్నదాంట్లో గాలి సందుల్లోంచి పీల్చుకోవాలి. ఫ్యాన్లు రంగులు మారుస్తూ తిరుగుతుంటాయి, లోపల ఉడుకుతుంటుంది.

నేను గీసుకున్న డబ్బా ఇలా ఉంటుంది. నేల మీద కాదు, మూడడుగుల ఇనుప స్టాండు మీద. ఒక పక్క తలుపంతా ఫిల్టరే, 45 సెంటీమీటర్ల చదరం. మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ రంధ్రంలోంచి సెకనుకు 35 లీటర్లు లాగితే గాలి మూడు మీటర్ల వేగంతో వస్తుంది, నుసిని జాలీకి అదిమి పట్టేస్తుంది. అదే గాలి ఇంత పెద్ద తలుపులోంచి వస్తే వేగం 18 సెంటీమీటర్లకు మించదు, నుసి అతుక్కోకుండా ఎక్కువ భాగం కిందే రాలిపోతుంది. లోపలికి తెచ్చే ఫ్యాన్లు రెండు, బయటికి పంపేది ఒకటి. అలాగైతే లోపలి ఒత్తిడి కొంచెం ఎక్కువగా ఉండి, సందుల్లోంచి దుమ్ము రాదు. వాడని రంధ్రాలన్నీ మూసేయాలి. హీట్‌సింక్ పలకలు ఎడంగా ఉన్నది చూసుకోవాలి. బీరువాలు, కూలర్లు చేసే మన రేకు పనివాళ్లు దీన్ని సులువుగా చేసిపెడతారు.

దీనికి రెండో భాగం కుండ. చిప్ మీద నీళ్ల పలక, అక్కడి నుంచి రెండు పైపులు కిటికీ బయటికి, నీడలో ఉన్న పెద్ద కుండలో రాగి తీగచుట్ట, కుండ మీద తడి గోనె, దాని మీదికి చిన్న ఫ్యాన్. కంప్యూటర్ నీళ్లు, కుండ నీళ్లు కలవవు, కాబట్టి ఉప్పు పట్టినా కుండలోనే పడుతుంది. పెల్టియర్‌తో వచ్చే చెమ్మ భయం ఇక్కడ లేదు. ఆవిరితో చల్లబడే నీళ్లు ఆ గాలిలో చెమ్మ పట్టే వేడి కంటే కిందికి ఎన్నటికీ దిగవు, గది లోపలి గాలి బయటి గాలికంటే తేమగా లేకుంటే చాలు.

ఇప్పటికి మిల్లులవాళ్లు నా దగ్గర చేయించుకుంటున్నది ఒక్క ఫిల్టర్ తలుపే. స్టాండు అంటే, "గంత ఎత్తుల పెడితే ఎవలన్న తగిలి పడగొడ్తరు" అంటారు. కుండ సంగతి ఎత్తితే ఓ సేటు, అందులో తాగే నీళ్లు కూడా పెట్టుకోవచ్చా అని అడిగాడు. నిజానికి పెట్టుకోవచ్చు, కాకపోతే మధ్యాహ్నం బిల్లింగ్ జోరుగా ఉన్నప్పుడు నీళ్లు కొంచెం గోరువెచ్చగా ఉంటాయి.