తల వెంట్రుకలకూ ఓ మర్యాద

చెవులపైన నున్నగా గొరిగించి, నడినెత్తిన కుచ్చు వదిలిన కుర్రవాడు మస్జిదులో అడుగుపెడితే, మన చూపులన్నీ అతని తలపైకే పోతాయి. ఇంట్లో తండ్రి కసురుకుంటాడు, తల్లి నచ్చజెప్పలేక సతమతమవుతుంది. అసలు ఈ విషయంలో ధర్మం ఏం చెబుతోందో మనం తెలుసుకున్నామా?

తలలో కొంతభాగం గొరిగి, కొంతభాగం వదిలేయడాన్ని అరబీలో 'ఖజఅ' అంటారు. ఆకాశంలో చెదిరిన మబ్బు తునకలకూ అదే మాట. దైవప్రవక్త (స) దీనిని వారించినట్లు హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. అలా సగం గొరిగిన ఒక బాలుణ్ణి చూసి, గొరిగితే పూర్తిగా గొరగమని, లేకుంటే పూర్తిగా వదిలేయమని ఆయన చెప్పినట్లు అబూదావూద్‌లో ఉంది. ఆ మాట పసివాడికి కాదు, పెద్దలకు. ఈనాడు పిల్లలను సెలూనుకు తీసుకెళ్లి డబ్బులిచ్చేది కూడా మనమే కదా! ఇమామ్ నవవీ దీనిని 'మక్రూహ్'గా, అంటే అయిష్టకరమైన పనిగా పేర్కొన్నారు. చికిత్స కోసమైతే మినహాయింపు ఉంది.

అలాగని పొడుగు జుట్టు తప్పు కాదు. ప్రవక్త (స) జుట్టు ఒక్కోసారి చెవి తమ్మెల దాకా, ఒక్కోసారి భుజాల దాకా ఉండేది. ఆయన మక్కాకు వచ్చినప్పుడు జుట్టు నాలుగు పాయలుగా అల్లి ఉందని హజ్రత్ ఉమ్మెహానీ (రజి) తెలిపారు. జుట్టున్నవారు దానిని శుభ్రంగా, గౌరవంగా ఉంచుకోవాలన్నదే ఆయన బోధ.

2002 ప్రపంచకప్ ఫుట్‌బాల్‌లో బ్రెజిల్ ఆటగాడు రొనాల్డో నుదుటిపైన ముక్కోణంలా కాస్త జుట్టు మిగిల్చి తక్కినదంతా తీయించుకున్నాడు. అందరూ తన కాలి గాయం గురించే మాట్లాడుతుంటే, ఆ మాట మళ్లించడానికే అలా చేశానని తర్వాత చెప్పాడు. పిల్లలు అనుకరించినందుకు తల్లులకు క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. అతని అవసరం అతనిది. మన పిల్లల అవసరమేమిటి?

అయితే జుట్టును చూసి మనిషిని తూచడమూ తగదు. చింపిరి జుట్టుతో, దుమ్ము కొట్టుకుని, గడపల దగ్గర గెంటివేతకు గురయ్యేవారిలోనూ దైవానికి ప్రియమైనవారు ఉంటారని ముస్లిం గ్రంథంలోని హదీసు మనల్ని హెచ్చరిస్తోంది. వింత క్రాపుతో వచ్చినా ఆ కుర్రవాడు వచ్చింది మస్జిదుకే. నలుగురిలో గద్దిస్తే వచ్చే శుక్రవారం రాకపోవచ్చు. పక్కన చోటిచ్చి, సలాం చెప్పి, తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు నెమ్మదిగా చెబుదాం. జుట్టు నెలలో పెరుగుతుంది. విరిగిన మనసు అతకడానికి ఏళ్లు పడుతుంది.