తెర మీద పేరు తప్పు పడితే

ఈ వారం మన ముచ్చట ఇంట్లో టీవీ గురించి.

ఇండియా వెళ్ళొచ్చినప్పుడల్లా సూట్‌కేసుల్లో వీసీడీలు, డీవీడీలు మోసుకొచ్చిన తరం మనది. ఇప్పుడు వాటిని పెట్టి చూసే ప్లేయర్లు మూలపడ్డాయి. అందుకని చాలామందిమి ఆ సినిమాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ప్లెక్స్ అనో, జెల్లీఫిన్ అనో, కోడీ అనో ఏదో ఒకటి పెట్టుకుని హాల్లో టీవీలో చూస్తున్నాం. అంతా బాగానే ఉంటుంది గానీ, తెర మీద ఒక పేరు ఉంటుంది, నొక్కితే ఇంకో సినిమా వస్తుంది. ఇది మీలో చాలామందికి అనుభవమే అయ్యుంటుంది.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. పోయిన వేసవిలో మా అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. వచ్చిన రెండోరోజే "ఒరే, భానుమతి మల్లీశ్వరి ఉందిట్రా నీ దగ్గర?" అని అడిగింది. మా అబ్బాయి జాబితా అంతా వెతికి, "లేదు నాన్నమ్మా, వెంకటేశ్‌దే ఉంది" అన్నాడు. సరేలే అని ఊరుకుంది. నెల రోజుల తర్వాత నేనేదో పనిమీద ఆ వెంకటేశ్ బొమ్మ మీద నొక్కితే, ఎన్టీ రామారావు, భానుమతి! ఇంట్లో ఉన్న సినిమాయే లేదనుకుని పెద్దావిడ నెల రోజులు గడిపేసింది.

అదన్నా నవ్వుకునే సంగతి. రెండోది విని నాకు చెమటలు పట్టాయి. మా చెల్లెలి పెళ్ళి వీడియో క్యాసెట్‌ని ఎప్పుడో డిస్కు చేయించి, ఆ ఫైలుకి "పెళ్ళి" అని పేరు పెట్టాను. కంప్యూటరు దాన్ని 1997లో వచ్చిన "పెళ్ళి" సినిమా అనుకుని ఆ పోస్టరు అతికించింది. డిస్కులో చోటు చాలట్లేదని మా అబ్బాయి ఎవరూ చూడని సినిమాలు తీసేస్తూ దాని దగ్గరికొచ్చాడు. నిడివి చూసి, "నాన్నా, ఈ సినిమా నాలుగు గంటలుందేమిటి?" అని అడిగాడు. దానవీరశూరకర్ణలాంటివి తప్ప మనకి అంత పొడుగు సినిమాలు ఎక్కడున్నాయి? తీరా తెరిచి చూస్తే మా నాన్నగారు పెళ్ళికొడుకు కాళ్ళు కడుగుతున్నారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన నడిచి, మాట్లాడే వీడియో మా దగ్గర అదొక్కటే ఉంది.

అందుకే చెప్తున్నాను, పేరు తప్పు పడటం చిన్న విషయం కాదు. దీన్ని సరిచేయాలంటే ముందు ఆ పేరు ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవాలి. వచ్చే చోట్లు మూడు. ఒకటి, మనం ఫైలుకి పెట్టిన పేరు. రెండు, ఫైలు లోపల దాగి ఉండే శీర్షిక. మూడు, ఇంటర్నెట్‌లో సినిమాల వివరాలుండే టీఎండీబీ లాంటి జాబితాలు. ఈ మూడింటిలో తప్పు ఎక్కడుందో తెలియకుండా ఏది మార్చినా ప్రయోజనం ఉండదు.

ఎలా కనిపెట్టాలి? పోస్టరు చూడండి. పేరూ, పోస్టరూ రెండూ ఇంకో సినిమావైతే, ఇంటర్నెట్ జాబితాలో పొరపాటు జత కుదిరిందన్నమాట. పోస్టరు సరిగ్గా ఉండి పేరు మాత్రం అర్థంపర్థం లేకుండా ఉంటే, తప్పు ఫైలు లోపలి శీర్షికలో ఉండి ఉంటుంది. అసలు పోస్టరే లేకుండా ఫైలు పేరే కనిపిస్తుంటే, ఆ సినిమా ఏదో ప్రోగ్రాముకి అంతుపట్టలేదని అర్థం. ఇంకా అనుమానంగా ఉంటే సినిమా నిడివిని అసలు నిడివితో పోల్చి చూసుకోండి.

మొదట జత తప్పడం గురించి. మన సినిమాల్లో ఇది ఎక్కువ, ఎందుకంటే మనవాళ్ళు పాత పేర్లు మళ్ళీ మళ్ళీ పెడతారు. మల్లీశ్వరి 1951లో ఒకటి, 2004లో ఒకటి. మాయాబజార్ 1957లో ఒకటి, 2006లో ఒకటి. మిస్సమ్మ 1955లోనూ, 2003లోనూ. దేవదాసు సంగతి చెప్పనే అక్కర్లేదు, 1953, 1974, 2006, ఇవిగాక హిందీవి వేరే. ఉత్త పేరు ఇస్తే పాపం కంప్యూటరుకి ఏం తెలుస్తుంది?

కాబట్టి సినిమాకొక ఫోల్డరు పెట్టండి. ఫోల్డరుకీ, ఫైలుకీ ఇంగ్లీషు అక్షరాల్లో సినిమా పేరు రాసి, ఒక ఖాళీ వదిలి, బ్రాకెట్లలో విడుదలైన సంవత్సరం వేయండి. సగానికి పైగా తగాదాలు దీంతోనే తీరిపోతాయి. ఇప్పటికే తప్పు పడినదానికి ప్లెక్స్‌లో మూడు చుక్కల మెనూలో "ఫిక్స్ మ్యాచ్" అని ఉంటుంది, జెల్లీఫిన్‌లో "ఐడెంటిఫై" అంటారు. అక్కడ పేరూ, సంవత్సరమూ ఇచ్చి సరైనదాన్ని ఎంచుకోండి. మొండికేస్తే టీఎండీబీలో ఆ సినిమా పేజీ తెరవండి. పైన అడ్రసులో ఒక అంకె ఉంటుంది. ఫోల్డరు పేరు చివర ప్లెక్స్ వాళ్ళు ఫ్లవర్ బ్రాకెట్లలో టీఎండీబీ అని, అడ్డగీత పెట్టి, ఆ అంకె వేయాలి. జెల్లీఫిన్ వాళ్ళు చదరపు బ్రాకెట్లలో టీఎండీబీఐడీ అని, అడ్డగీత, అంకె. ఇక పొరబడే అవకాశం దాదాపు ఉండదు.

వీసీడీలు రెండు మూడు డిస్కులుగా వచ్చేవి కదా. వాటి ముక్కలన్నీ ఒకే ఫోల్డరులో పెట్టి, ఒకే పేరు ఇచ్చి, చివర సీడీ1, సీడీ2 అని ఇంగ్లీషులో వేయండి. లేకపోతే రెండో సగం ఇంకేదో సినిమాగా తేలుతుంది.

ఇక ఫైలు లోపలి శీర్షిక. డిస్కునుంచి ఎక్కించేటప్పుడు డిస్కు మీద ఉన్న పేరునే ప్రోగ్రాము లోపల రాసేస్తుంది. మన డీవీడీలు చాలావాటికి ఆ పేరు "డీవీడీ వీడియో" అనే ఉంటుంది. మీరు పైన ఫైలు పేరు ఎన్నిసార్లు మార్చినా లోపలిది మారదు. వీఎల్‌సీలో ఆ సినిమా తెరిచి కంట్రోల్, ఐ నొక్కితే ఆ శీర్షిక కనిపిస్తుంది. ఎంకేవీ ఫైలైతే ఎంకేవీటూల్‌నిక్స్ అనే ఉచిత ప్రోగ్రాంలో హెడర్ ఎడిటర్ తెరిచి శీర్షిక మార్చండి, లేదా తీసేయండి. సినిమా మళ్ళీ ఎక్కించక్కర్లేదు, నిమిషం పని. ఎంపీ4 ఫైలైతే ఎంపీ3ట్యాగ్‌తో మార్చుకోవచ్చు. జెల్లీఫిన్‌లో ఫైలు పేరు కన్నా లోపలి శీర్షికకే పెద్దపీట వేసే సెట్టింగు ఒకటుంది, అది ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోండి.

అన్నీ సరిచేశాక కూడా పాత పేరే కనిపిస్తే కంగారుపడకండి. వివరాలు మళ్ళీ తెచ్చుకోమని "రిఫ్రెష్ మెటాడేటా" నొక్కండి. టీవీలో యాప్ మూసి మళ్ళీ తెరవండి. పేరు పక్కన తాళం బొమ్మ ఉంటే ఎవరో చేత్తో మార్చి బిగించారని అర్థం. ఆ తాళం తీస్తేనే మారుతుంది.

ఇంటి వీడియోల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. పెళ్ళిళ్ళు, బారసాలలు, గృహప్రవేశాలు సినిమాల ఫోల్డరులో ఎప్పుడూ పెట్టకండి. వాటికి విడిగా లైబ్రరీ చేయండి. ప్లెక్స్‌లో "అదర్ వీడియోస్", జెల్లీఫిన్‌లో "హోమ్ వీడియోస్ అండ్ ఫొటోస్" అని ఎంచుకుంటే, వాటికోసం ఇంటర్నెట్‌లో సినిమాలు వెతకదు. పేరులో తేదీ, ఊరు, ఎవరి శుభకార్యమో రాయండి. ఇంకో కాపీ వేరే డిస్కులో దాచండి.

ఒక్క మాట. మీరు డబ్బిచ్చి కొన్న డిస్కులే ఎక్కించుకోండి. అదైనా చట్టం దేశాన్నిబట్టి మారుతుంది. ఇక్కడ అమెరికాలో డిస్కుకి వేసిన తాళం తీయడాన్ని 1998 నాటి డీఎంసీఏ చట్టం ఒప్పుకోదు. మీరున్న దేశంలో ఏముందో చూసుకోండి.

సినిమా పేరు తప్పయితే ఎవరో ఒకరు దిద్దగలరు, సంవత్సరాలు పుస్తకాల్లో ఉన్నాయి. ఇంటి వీడియోలో వెనక వరసలో కూర్చున్న ఆవిడ ఎవరో ఏ జాబితాలోనూ ఉండదు. మా అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని రెండు సాయంత్రాలు ఆ నాలుగు గంటల వీడియో చూశాం. ఆవిడ చెప్తుంటే మా అబ్బాయి పేర్లన్నీ రాసుకున్నాడు. మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళు ఉన్నప్పుడే ఆ పని చేయండి.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. సెలవు.