ప్రసూతి సెలవు – పిల్లలు లేని ఉద్యోగి ప్రశ్న

ఒక గ్రామ ప్రాథమిక పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయినులున్నారనుకొందము. ఒకరు 180 దినముల ప్రసూతి సెలవుపై వెళ్ళిరి. బదులుగా ఎవరును రాలేదు. రెండవవారికి సంతానము లేదు. అయిదు తరగతులను ఒంటరిగా నడుపుచున్న ఆమె, ఒకనాడు పంచాయతీ సభ్యులతో, “వారికి జీతముతో సెలవు, నాకు అదే జీతముతో రెట్టింపు పని. ఇది న్యాయమా?” అని అడిగినచో మనమేమి చెప్పగలము?

ఈ ప్రశ్నను అసూయ యని త్రోసివేయుట తగదు. అయితే ముందుగా ఒక మాట. సెలవు అనగానే విశ్రాంతి జ్ఞప్తికి వచ్చును. బాలింత యున్న ఇంట నిద్ర ఎంతయో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. కాన్పయిన పిదప ఆరు వారములవరకు స్త్రీని పనిలో ఉంచుకొనరాదని 1961 నాటి ప్రసూతి సౌకర్యాల చట్టము శాసించినది. అప్పుడు 12 వారములుగా నున్న సెలవు, మొదటి యిద్దరు బిడ్డల విషయమున, 2017లో 26 వారములైనది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను అట్లే ఉన్నది. శిశువునకు ఆరు నెలలు తల్లిపాలే ఆహారమని వైద్యులు చెప్పుదురు గదా! కనుక ఈ సెలవు తల్లి దేహమునకు, శిశువునకు చెందినది. కూలికి పోవు స్త్రీకి ఇదియు లేదు. ఆమెకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన క్రింద మొదటి కాన్పునకు 5,000 రూపాయలు మాత్రమే లభించును.

ఇక ఖర్చు ఎవరిది? ఉద్యోగుల రాజ్య బీమా పథకము వర్తించు చోట కార్మికుడు వేతనములో నూటికి 75 పైసలు, యజమాని 3 రూపాయల 25 పైసలు చెల్లింతురు. ప్రసూతి భృతి ఆ నిధినుండియే వచ్చును. పిల్లలు లేనివాడును చెల్లించును, జబ్బుపడినపుడు చికిత్స పొందును. బిడ్డలు లేని ఇంటివారును ఇంటిపన్ను కట్టుచున్నారు గదా! బీమా లేని చోట భారమంతయు ఒక్క యజమానిపై పడును. చిన్న యజమాని యువతులను చేర్చుకొనుటకు వెనుదీయుట అందువలననే.

ఉపాధ్యాయిని ఫిర్యాదులో నిజమున్నది. అయితే తప్పు సెలవుది కాదు, బదులు మనిషిని పంపకపోవుటది. “నీకు పిల్లలు లేరుగదా, పండుగనాడు నీవే ఉండుము” అనుటయు అన్యాయమే. పిల్లలెందుకు లేరో అడుగు హక్కు ఎవరికిని లేదు. మరొక లోపమును గలదు. కేంద్ర ప్రభుత్వోద్యోగినికి పిల్లల సంరక్షణకై ఉద్యోగకాలమంతటిలో 730 దినముల సెలవు దొరకవచ్చును. మంచముపట్టిన తల్లిని చూచుకొను అవివాహితకు అట్టి ప్రత్యేక సెలవు లేదు. తనకున్న ఇతర సెలవులనే వాడుకొనవలెను. దీనిని సరిచేయవలెననుట న్యాయమని మా అభిప్రాయము. అందులకు తల్లుల సెలవు తగ్గించనక్కరలేదు.

కాన్పు హఠాత్తుగా వచ్చునది కాదు. నెలల ముందే తెలియును. కనుక సభ్యులు ఏడవ నెలలోనే తీర్మానము చేసి, పాఠశాలకు డెప్యుటేషనుపై ఒకరిని పంపవలసినదిగా మండల విద్యాధికారికి వ్రాయవచ్చును. అంగన్‌వాడీ కార్యకర్త విషయమైనచో శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి వ్రాయవలెను. సెలవు ఆరంభమగు తేదీని, పిల్లల సంఖ్యను, మిగిలి యుండు సిబ్బందిని లేఖలో స్పష్టముగా పేర్కొని, నకలును పంచాయతీ దస్త్రములో ఉంచుకొనవలెను.