వార్తల్లో పదం: క్యాబరే చట్టం
న్యూయార్క్ నగరంలో 1926లో వచ్చిన చట్టం ఇది. తిండి, పానీయాలు అమ్మే చోట జనం డాన్సు చేయాలంటే యజమానికి ప్రత్యేక లైసెన్సు ఉండాల్సి వచ్చేది. నల్లవారూ తెల్లవారూ కలిసి ఆడిపాడే హార్లెమ్ జాజ్ క్లబ్బులే దీని గురి అని చాలామంది చరిత్రకారుల మాట.

ఈ చట్టం కింద 1940 నుంచి 1967 దాకా క్లబ్బుల్లో పాడేవారికీ వాయించేవారికీ పోలీసు కార్డు తప్పనిసరి. మాదకద్రవ్యాల కేసుతో 1947లో గాయని బిల్లీ హాలిడే కార్డు పోయింది. మరుసటి ఏడాది కార్నెగీ హాలులో పాడగలిగిన ఆమెకు అదే నగరంలోని క్లబ్బుల్లో పాడే వీల్లేకపోయింది. శిక్ష అనుభవించి వచ్చిన మనిషి కూటికి కూడా అడ్డుపడటం ఘోరమైన అన్యాయం. పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్‌కూ 1951 తర్వాత కొన్నేళ్లు ఇదే గతి పట్టింది.

చట్టాన్ని 2017లో రద్దు చేశారు. జోనింగ్ నిబంధనల్లో డాన్సుపై ఉన్న ఆంక్షలు మాత్రం ఆ తర్వాతా కొన్నేళ్లు కొనసాగాయి.