పావు కిలో కైమాకు మసాలా ఎంత?

ఇంట్లో పావు కిలో కైమా ఉంది, ఉండలు చేయాలి. మసాలా ప్యాకెట్ మీదేమో ‘50 గ్రాములు, కిలో మాంసానికి’ అని రాసుందనుకోండి. నాలుగో వంతు, అంటే పన్నెండున్నర గ్రాములు. లెక్క తేలికే. చిక్కంతా చెంచాతోనే!

ఎందుకు? అదే చెంచాలో మెత్తటి ఉప్పు ఎక్కువ తూగుతుంది, రాళ్లుప్పు తక్కువ తూగుతుంది. రాళ్ల మధ్య గాలి ఉంటుంది మరి. ఉప్పు కలిసిన మసాలా పొడీ అంతే: వదులుగా ఉంటే ఒక బరువు, అదిమితే ఇంకో బరువు. పైగా ప్యాకెట్ కదిలేకొద్దీ సన్నటి రేణువులు అడుక్కి జారతాయి. పై చెంచా చప్పగా, అడుగు చెంచా ఉప్పగా ఉండొచ్చు. రెండు గ్రాముల ఉప్పు ఎక్కువైతే కిలోలో కలిసిపోతుంది, పావు కిలోలో నాలుక పట్టేస్తుంది.

ఎలా? ప్యాకెట్ మొత్తం గిన్నెలో పోసి కలపండి. గ్రాములు చూపే కాటా ఉంటే తూచండి. లేదా? వంటగట్టు మీది నున్నటి బేతంచెర్ల బండపై కాగితం పరిచి, పొడిని ఒకే మందంలో చదరంగా సర్ది, అట్టముక్కతో నాలుగు భాగాలు చేయండి. ఒకటి కైమాలోకి, మిగిలిన మూడూ తడిలేని సీసాలోకి.

విదేశాల్లో నిల్వ సాసేజ్‌లకు వాడే నైట్రైట్ ఉప్పుకు మాత్రం ఈ ఉజ్జాయింపు పనికిరాదు. మోతాదు మించితే అది విషమే. దాన్ని పెద్దవాళ్లు కాటాలో తూచే వేయాలి.