గుర్రం కాలి ఎక్స్‌రే: ఎలా తీయించాలి, ఎలా చూడాలి

ఎద్దులతో పాటు గుర్రాన్ని పెంచుకునేవాళ్లు కూడా మనలో కొందరున్నారు. గుర్రం కుంటితే ఎక్స్‌రే తీయించమంటారు. తీయించాక ఒక్కోసారి "ఏమీ కనపడలేదు" అంటారు. డబ్బు పోతుంది, కుంటు పోదు. అలా ఎందుకవుతుందో, వీడియోలో చూపించిన ప్రతి పనికీ కారణమేమిటో ఇక్కడ రాస్తున్నాను.

ఎక్స్‌రే అంటే నీడే

ఎముకలో సున్నం ఎక్కువ కాబట్టి కిరణాలను ఆపుతుంది, తెల్లగా కనపడుతుంది. కండ బూడిద రంగులో, గాలి నల్లగా వస్తాయి. ఎండలో అరచెయ్యి గోడకు ఎదురుగా చాపితే అయిదు వేళ్ల నీడ పడుతుంది. అదే చెయ్యి పక్కకు తిప్పితే ఒక్క కర్ర నీడే. ఎముకలో పగులు కూడా అంతే. ఒక వైపు నుంచి దాక్కుంటుంది, ఇంకో వైపు నుంచి బయటపడుతుంది. అందుకే కనీసం రెండు ఎక్స్‌రేలు తీయాలి: ఒకటి ముందు నుంచి, ఒకటి పక్క నుంచి. కీలు దగ్గర అనుమానం ఉంటే రెండు ఏటవాలువి కూడా కలిపి నాలుగు తీస్తారు.

తీసేముందు

మొదట నొప్పి ఎక్కడుందో తేలాలి. డాక్టరు గుర్రాన్ని గట్టి నేల మీద నడిపించి, కాలు తడిమి, గిట్ట నొక్కి చూస్తారు. ముందుకాలి కుంటుకు చాలాసార్లు కారణం గిట్టలోనే ఉంటుంది. చోటు తెలియకుండా కాలంతా తీయిస్తే ఉపయోగం తక్కువ.

గిట్టకు తీయాలంటే లాడం విప్పాలి, మట్టి పూర్తిగా కడిగి ఆరనివ్వాలి. అడుగున ఉండే గాళ్లలో గాలి నిలిస్తే అది నల్లగీతలా పడి, పగులేమో అనిపిస్తుంది. పిల్లలు ఆడుకునే మెత్తటి బంక లాంటిది అందులో నింపితే ఆ తికమక ఉండదు. ముందు గిట్టలు రెండూ ఒకే ఎత్తు చెక్క దిమ్మెల మీద ఉంచి, బరువు సమానంగా పడేలా నిలబెట్టాలి. ఏ కాలో, బయటివైపు ఏదో తెలిసేలా గుర్తు పెట్టించండి.

ప్లేటును చేత్తో పట్టుకోవద్దు, పిడి ఉన్న పట్టీ వాడాలి. సీసం ఆప్రాన్ చెదిరి వచ్చే కిరణాలను తగ్గిస్తుందే కానీ, నేరుగా తగిలేవాటి నుంచి కాపాడదు. దూరం రెండింతలైతే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. పని లేనివాళ్లు, ముఖ్యంగా గర్భిణులు, పిల్లలు దూరంగా ఉండాలి.

చూసేటప్పుడు

ముందు ఏ కాలు, ఏ తేదీ అనేది సరిచూడాలి. తర్వాత బయటి నుంచి లోపలికి రావాలి: చర్మం కింద వాపు, ఎముక అంచులు, కీళ్ల మధ్య ఖాళీ, చివరికి ఎముక లోపల. అనుమానం వస్తే బాగున్న కాలికీ తీయించి పక్కపక్కన పెట్టి చూడాలి. పిల్ల గుర్రాల్లో ఎముక పెరిగే చోట సహజంగానే గీత ఉంటుంది, అది పగులు కాదు.

గింజలు ఎక్కువ తిని గిట్టల్లో వాపు వచ్చే జబ్బును ల్యామినైటిస్ అంటారు. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో గిట్ట ముందు గోడ, లోపలి ఎముక ముందు అంచు సమాంతరంగా ఉండాలి. ఎముక కొన కిందికి వాలి ఆ రెంటి మధ్య ఎడం పెరిగితే పట్టు సడలినట్టు. గోడ మీద సన్నని తీగ అంటించి తీస్తే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

"ఏమీ లేదు" అంటే

ఎముకలో ఏమీ కనపడలేదని మాత్రమే. నరాలు అని మనం పిలిచే స్నాయువులు ఎక్స్‌రేలో సరిగా తెలియవు, వాటికి అల్ట్రాసౌండ్ కావాలి. వెంట్రుకంత పగులు మొదటి రోజు కనపడకపోవచ్చు. ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లో పగులు అంచుల్లో ఎముక కరిగి గీత వెడల్పవుతుంది, అప్పుడు మళ్లీ తీస్తే దొరుకుతుంది. ఈలోగా గుర్రాన్ని కొట్టంలోనే ఉంచండి. పసుపు, సున్నం పట్టు వేశాం కదా అని నడిపిస్తే వెంట్రుకంత పగులు పూర్తిగా విరిగిపోవచ్చు.

కుంటు తగ్గకపోతే రిపోర్టు చూసి ఊరుకోకండి. "ఎన్ని వైపుల నుంచి తీశారు, మళ్లీ ఎప్పుడు తీయాలి?" అని డాక్టరును అడగండి.